రాచకొండ ఒక్కరోజులో: ఏ దారి, ఎన్ని నీళ్ళు, ఎక్కడ వెనక్కి తిరగాలి

మీరు అడిగింది ఇదీ: ఎల్బీనగర్ నుంచి రెండు కార్లలో ఎనిమిది మంది. అందులో 9, 12 ఏళ్ళ పిల్లలిద్దరు, మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మ ఒకరు. డిసెంబర్‌లో ఒక ఆదివారం రాచకొండ ఊరికి పోయి కోట, గుళ్ళు, గుట్టలు అన్నీ చూడాలి, కుదిరితే రాత్రికి పైనే టెంట్ వేసుకోవాలి.

అన్నీ చూడలేరండి. టెంట్ ఆలోచన మానుకోండి. అత్తమ్మను కోట ఎక్కించొద్దు. ఈ మూడు ఒప్పుకుంటే మిగిలిన రోజు హాయిగా గడుస్తుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. 2016లో పోలీసు కమిషనరేట్‌కు రాచకొండ పేరు పెట్టినప్పటి నుంచి చాలామంది అదేదో ఉప్పల్, ఎల్బీనగర్ చుట్టుపక్కల ప్రాంతం అనుకుంటున్నారు. అసలు రాచకొండ యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపురం మండలంలో, గుట్టల నడుమ ఉన్న చిన్న ఊరు. చుట్టూ తండాలు, పత్తి చేలు, సీతాఫలం పొదలు, వాటి వెనక గుండ్లు పేర్చినట్టున్న కొండలు. గోల్కొండలాగా టికెట్ కౌంటర్, గైడ్, బోర్డుల వరస ఉంటాయనుకుని పోతే నిరాశే. ఇక్కడ గైడ్ పని మీరే చేసుకోవాలి. దానికొక సూత్రం ఉంది: గోడను చూడండి, నీళ్ళను వెతకండి. కోట కట్టినవాళ్ళు ప్రతి అడుగూ ఈ రెండింటి కోసమే వేశారు. మీరూ ఆ రెండింటి వెంట నడిస్తే దారీ తప్పరు, చూసింది అర్థమూ అవుతుంది.

దారి

ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం, అక్కడ ఎడమకు మంచాల, ఆరుట్ల, ఆ తర్వాత రాచకొండ. మొత్తం సుమారు 50 కిలోమీటర్లు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాకా పోయి నారాయణపురం మీదుగా రావడం రెండో దారి. హైవే బాగుంటుంది గానీ చుట్టు ఎక్కువ. పొద్దున ఆరుట్ల దారిలో పోవడమే మేలు. ఆరుట్ల దాటాక రోడ్డు సన్నగా, మలుపులతో ఉంటుంది. గొర్రెల మందలు, వడ్లు ఆరబోసిన కుప్పలు ఎదురవుతాయి. గంటకు 30 కిలోమీటర్లకు మించి లెక్క వేసుకోవద్దు.

పెట్రోలు, నగదు, తాగునీళ్ళు, టిఫిన్ అన్నీ ఇబ్రహీంపట్నంలోనే చూసుకోండి. ఆ తర్వాత దొరికేవి కిరాణా కొట్లు. వాటిలో బిస్కెట్లు, చిన్న నీళ్ళ సీసాలు ఉంటాయి గానీ ఎనిమిది మందికి సరిపడా సరుకు ఉంటుందని నమ్మి పోకూడదు. బస్సులో వచ్చేవాళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక మాట: ఇబ్రహీంపట్నం దాకా ఇబ్బంది లేదు, ఆ తర్వాత బస్సులు తక్కువ. తిరుగు బస్సు ఎన్నింటికో పొద్దున్నే కండక్టర్‌ను అడిగి రాసుకోండి. లేదా ఇబ్రహీంపట్నంలో ఆటో పోనూ రానూ మాట్లాడుకుని, డబ్బు సగం సాయంత్రం ఇస్తామని చెప్పండి.

ఇంటి దగ్గర 5:45కల్లా బయల్దేరాలి. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో పొద్దు పొడిచేది ఆరున్నర దాటాక, గూకేది ఐదూ నలభై, ఐదూ యాభై మధ్య. 7:45కు ఊళ్ళో ఉంటే, 8కి నడక మొదలుపెట్టి 12 లోపు దిగిపోవచ్చు. "ఆదివారమే కదా, తొమ్మిదికి బయల్దేరదాం" అన్నవాళ్ళు పదకొండున్నరకు ఎక్కడం మొదలుపెడతారు. డిసెంబర్ చలి చూసి మోసపోతారు. నీడలేని బండ పదకొండుకే వేడెక్కుతుంది, ఆ వేడి కింది నుంచి కూడా కొడుతుంది. ఇక్కడ జరిగే ఇబ్బందుల్లో సగానికి మూలం ఆలస్యంగా బయల్దేరడమే.

ఈ ఎండిన గుట్టల్లో రాజధాని ఎందుకు పెట్టారు

ఇది తెలుసుకుని ఎక్కండి, లేకపోతే పైన కనిపించేది రాళ్ళ కుప్పే.

1323లో ఓరుగల్లు పడిపోయాక తెలుగు నేల ముక్కలైంది. అప్పుడు పైకి వచ్చినవాళ్ళలో రేచర్ల పద్మనాయకులు ఒకరు. సింగమనాయకుడి కొడుకు అనపోతానాయకుడు ఆమనగల్లు నుంచి రాజధానిని రాచకొండకు మార్చాడు. తమ్ముడు మాదానాయకుడి శాఖ దేవరకొండ నుంచి ఏలింది. ఓరుగల్లును తిరిగి సాధించిన ముసునూరి కాపయనాయకుడు 1360ల చివర్లో ఈ అన్నదమ్ములతో జరిగిన భీమవరం యుద్ధంలోనే చనిపోయాడు. అనపోతానాయకుడి కొడుకే సర్వజ్ఞ బిరుదున్న సింగభూపాలుడు. రసార్ణవసుధాకరం అనే సంస్కృత అలంకార గ్రంథం ఆయన పేరు మీదే ఉంది. అంటే ఇప్పుడు మేకలు తిరిగే ఈ గుట్టల మీద ఒకప్పుడు నాట్యం గురించీ, రసం గురించీ చర్చలు జరిగాయి. 15వ శతాబ్దంలో కోట బహమనీల చేతికి పోయింది, ఆ తర్వాత మళ్ళీ రాజధాని కాలేదు. ఒక రకంగా అదే మనకు మేలైంది. తర్వాత వచ్చినవాళ్ళు పడగొట్టి కొత్తగా కట్టలేదు కాబట్టి 14వ శతాబ్దపు గోడల తీరు ఇప్పటికీ కనబడుతుంది.

శత్రువుకు దొరకని చోటు కావాలి, సరే. మరి వేలమందికి నీళ్ళు? దీనికి జవాబు మీ కాళ్ళ కింద ఉంటుంది. పైన విశాలంగా పరుచుకున్న గ్రానైట్‌ను పరుపుబండ అంటారు. ఎకరం పరుపుబండ మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 40 వేల లీటర్లు. మట్టి నేలైతే అందులో చాలా భాగం తాగేస్తుంది. బండ తాగదు, అట్లాగే కిందికి తోసేస్తుంది. కాబట్టి బండ వాలుకు అడుగున చిన్న అడ్డుకట్ట వేస్తే చాలు, దొన (బండలో నీళ్ళు నిలిచే గుంట) నిండుతుంది. దొన పొర్లితే కింద కుంట, కుంట పొర్లితే గుట్ట అడుగున చెరువు. మనం ఎండిన గుట్ట అనుకునేది వాళ్ళకు పెద్ద పందిరి కప్పు.

అందుకే పైకి పోయాక చేయాల్సిన మొదటి పని: బండ మీద నల్లటి చారలు ఎటు పోతున్నాయో చూడండి. వాన నీళ్ళు ఏళ్ళ తరబడి పారిన చోట నాచు ఎండి నల్లగా మారుతుంది. ఆ చారలన్నీ కలిసే చోటికి పోతే దొనో, బావో, కనీసం కూలిన కట్టో దొరుకుతుంది. దాని దగ్గర్లోనే గుడి పునాదో, ఇళ్ళ పునాదులో ఉంటాయి. నీళ్ళు లేని చోట ఎవరూ కాపురం పెట్టరు కదా.

కానీ ఆ నల్ల చారల మీద కాలు మాత్రం పెట్టొద్దు. పక్కనున్న తెల్లటి గరుకు బండ మీద నడవండి. మంచు పడ్డ పొద్దున ఆ చార సబ్బు రాసినట్టు ఉంటుంది.

గోడను చదవడం

రాచకొండ గోడల్లో చాలాచోట్ల సున్నం లేదు. మనిషి ఎత్తు రాళ్ళను ఒకదాని మీద ఒకటి పేర్చి, సందుల్లో చిన్న రాతి చిప్పలు బిగించారు. గోడకు అడ్డం వచ్చిన గుండును తొలగించలేదు, దాన్నే గోడలో కలుపుకున్నారు. కొన్నిచోట్ల ఎక్కడ కొండ ఆగి ఎక్కడ కోట మొదలైందో దగ్గరికి పోతే గానీ తెలియదు. సున్నం లేకపోయినా ఆరువందల ఏళ్ళు నిలవడానికి కారణం బరువు ఒక్కటే కాదు. వాన పడితే నీళ్ళు సందుల్లోంచి బయటికి పోతాయి, గోడ వెనక నీరు నిలిచి తోసే ఒత్తిడి ఉండదు. సున్నం పెట్టి, చిన్న రాళ్ళతో కట్టిన భాగం కనిపిస్తే అది తర్వాతి మరమ్మతు అయి ఉండొచ్చని దక్కన్ కోటల్లో మామూలుగా వాడే గుర్తు.

దర్వాజ దగ్గర హడావుడిగా దాటిపోకండి. పిల్లలకు ఇక్కడే పని చెప్పండి. కమాను ఉండదు, రెండు నిలువు రాళ్ళ మీద ఒక అడ్డ దూలం. పైన దూలానికీ కింద గడపకూ గుండ్రటి గుంట ఉందేమో వెతకమనండి. తలుపు ఇరుసు తిరిగిన కుదురు అది. పక్క గోడల్లో ఎదురెదురుగా చతురస్రపు రంధ్రాలుంటే అవి అడ్డగడియ దూర్చినవి. దారి నేరుగా లోపలికి పోకుండా ఎందుకు మలుపు తిరిగిందో కూడా అడగండి. ఏనుగు పరిగెత్తుకొచ్చి తలుపును గుద్దాలంటే నేరు దారి కావాలి. మలుపు ఉంటే వేగం చస్తుంది, పైగా గోడ మీద నిలబడ్డవాడికి శత్రువు వీపు దొరుకుతుంది. పన్నెండేళ్ళ పిల్లవాడికి ఇంతకంటే మంచి క్విజ్ ఉండదు.

ఇంకోటి. బండల మీద వరసగా చిన్న చతురస్రపు గుంటలు కనిపిస్తాయి. ఉలితో తొలిచి, ఇనుప చీలలు దిగ్గొట్టి రాయిని చీల్చిన గుర్తులివి. సగానికి చీలిన పొడవాటి గుండ్రటి గాడులు కనిపిస్తే మాత్రం అవి రాజుల నాటివి కావు, ఈ కాలపు కంప్రెసర్ డ్రిల్ పెట్టినవి. ఈ తేడా తెలియక కొత్త క్వారీ గుర్తులకు ఫొటోలు తీసుకుని "14వ శతాబ్దపు శిల్పుల పని" అని పెట్టేవాళ్ళు చాలామంది.

గోడ కింద నిలబడే ముందు పక్క నుంచి చూడండి. మధ్యలో కడుపు ఉబ్బినట్టుంటే దూరంగా ఉండండి. రావి, జువ్వి వేళ్ళు లోపల పెరిగి తోస్తుంటాయి, లేదా గుప్తనిధుల పిచ్చోళ్ళు అడుగు రాళ్ళు లాగేసి ఉంటారు. అట్లాంటి గోడ మీద ఎక్కి ఫొటో అసలు వద్దు.

ఆ పిచ్చి ఎంత పని చేసిందో గుళ్ళలో కనిపిస్తుంది. గర్భగుడి నేల తవ్వి, పీఠం పక్కకు తోసి, నందిని పగలగొట్టి వదిలేసిన ఆనవాళ్ళు తెలంగాణ కోటల్లో మామూలైపోయాయి. అందుకే ఊరివాళ్ళు కొత్తవాళ్ళను అనుమానంగా చూస్తే తప్పు పట్టకండి. గడ్డపార, పార, మెటల్ డిటెక్టర్ లాంటివి కారులో కూడా పెట్టుకోవద్దు, డ్రోన్ ఇంట్లో వదిలేయండి. దిగగానే కనిపించిన పెద్దమనిషికి దండం పెట్టి "కోట చూసి మధ్యాహ్నానికి దిగుతం" అని చెప్పండి. ఇది మర్యాదా, భద్రతా రెండూను: సాయంత్రం దాకా కారు అక్కడే ఉంటే వెతకడానికి వచ్చేది ఆయనే. పాత నాణెమో, విగ్రహం ముక్కో కనిపిస్తే తీసుకోకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిక్షేపం దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలి.

గుడి ఎవరిదో తెలియాలంటే లోపలి విగ్రహం కోసం వెతకొద్దు, చాలాసార్లు ఉండదు. ద్వారబంధం అడుగున ద్వారపాలకులను చూడండి: చేతిలో శంఖచక్రాలుంటే విష్ణువుది, త్రిశూలం, డమరుకం ఉంటే శివుడిది. రాతి మీద అక్షరాలు కనిపిస్తే సుద్దముక్క, కుంకుమ, పిండి పూయకండి, సందుల్లో పేరుకుని తర్వాత చదవబోయేవాళ్ళకు అక్షరం దొరకదు. ఫోన్ టార్చ్‌ను రాతికి పక్కగా, దాదాపు ఆనించి పట్టుకోండి. నీడలు పడి అక్షరాలు లేచి కనబడతాయి. అప్పుడు ఫొటో తీయండి.

ఎక్కడం, దిగడం

ఇట్లాంటి గుండ్ల దారిలో గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే గొప్పే. పిల్లలతో, చూస్తూ ఆగుతూ పోతే నాలుగు గంటల్లో పోనూ రానూ అయిదు కిలోమీటర్లు. అంతకు మించి ప్లాన్ వేయొద్దు. పది గంటలకు ఎక్కడ ఉన్నా సరే, "శిఖరం ఇంకా కొంచెమే" అనిపించినా సరే, వెనక్కి తిరగండి. ఈ సమయం ఇంట్లోనే నిర్ణయించుకుని అందరికీ చెప్పండి. పైన నిర్ణయిద్దామంటే ఎవరూ ఒప్పుకోరు.

నెమ్మదిగా నడిచేవాళ్ళను ముందు నుంచి రెండో స్థానంలో పెట్టండి. చివరన పెద్దవాళ్ళలో ఒకరు. పిల్లలకు ఒక్కో విజిల్ ఇచ్చి, తప్పిపోతే ఉన్నచోటే కూర్చుని మూడుసార్లు ఊదమని చెప్పండి.

బాటల సంగతి. మేకల బాట, పశువుల బాట చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మేక ఆకు కోసం పోతుంది, అందుకని దాని బాట పొదలో ఆగిపోతుంది. బర్రె నీళ్ళ కోసం, ఇంటి కోసం పోతుంది, కాబట్టి పేడ, గిట్టల గుర్తులున్న వెడల్పాటి బాట ఊరికో, కుంటకో చేరుస్తుంది. చీలిక వచ్చిన ప్రతిచోటా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు మీకు కనిపించేది ఆ వైపే. మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని, కారు పెట్టిన చోటు, మొదటి దర్వాజ గుర్తు పెట్టుకోండి. గుట్టల మధ్య సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, వెతుకులాటలో ఫోన్ బ్యాటరీ కూడా తొందరగా అయిపోతుంది. ఒక ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి దాచండి.

దిగేటప్పుడు చేసే పెద్ద తప్పు అడ్డదారి. గ్రానైట్ గుట్ట బోర్లించిన మూకుడు లాంటిది. పైన చదునుగా మొదలై, దిగుతున్నకొద్దీ వాలు పెరుగుతుంది, అంచు ఎక్కడుందో పైనుంచి కనబడదు. "ఊరు అదిగో కనిపిస్తోంది, ఇట్లా దిగేద్దాం" అని పోతే చివరికి నిలువు బండ మీద ఇరుక్కుంటారు. ఎక్కడం కంటే దిగడం కష్టం, పైగా అక్కడి నుంచి వెనక్కి ఎక్కడానికి కూడా కాళ్ళు వణుకుతాయి. ఎక్కిన దారినే దిగండి, అంతే. వాలు బండ మీద పాదం మొత్తం ఆనించి, మోకాళ్ళు కొంచెం వంచి, చిన్న అడుగులు వేయాలి. భయపడి వెనక్కి వాలితే మడమ మీద బరువు పడి జారతారు. పిల్లలను పరిగెత్తనీయకండి. బండ మీద ఉల్లిపొరలా లేచిన పెచ్చు తొక్కితే డొల్ల శబ్దం వస్తుంది, దాని అంచున నిలబడొద్దు.

బూట్లకు మెత్తటి రబ్బరు అడుగు ఉండాలి. అరిగిపోయిన రన్నింగ్ షూ, అడుగు గట్టిపడ్డ పాత బూట్లు ఇక్కడ చెప్పుల కంటే అన్యాయం. ఫుల్ ప్యాంటు వేసుకోండి. పరికి, రేగు ముళ్ళు వెనక్కి వంగి ఉంటాయి, గుచ్చుకుంటే లాగకుండా ఒక అడుగు వెనక్కి వేసి తీయాలి.

నిజంగా భయపడాల్సినవి

చిరుతపులి గురించి అందరూ అడుగుతారు, బావి గురించి ఎవరూ అడగరు. పాత కోటల్లో చుట్టుగోడ లేని బావులు పొదల కింద దాక్కుని ఉంటాయి. గుంపుగా పచ్చగా పెరిగిన పొద, చుట్టూ చెక్కిన రాళ్ళు, మధ్యలో ఏదో పల్లం. ఈ మూడూ కలిస్తే బావి అనుకునే నడవండి. చేతిలో ఐదడుగుల కర్ర ఉండాలి, ముందు కర్ర, తర్వాత కాలు. దొనల్లో ఈతకు దిగొద్దు. ఒడ్డు నుంచి మోకాలు లోతే అనిపిస్తుంది, రెండో అడుగుకే నేల ఉండకపోవచ్చు. నాచు పట్టిన వాలు గోడ పట్టుకుని బయటికి రావడం ఈతగాడికి కూడా కష్టం.

రెండోది తేనెటీగలు. పెద్ద బండల కింది వైపు, ఎత్తున, చాటంత తేనెతుట్టెలు వేలాడుతుంటాయి. గట్టి సెంటు, పొగ, రాళ్ళు విసరడం, కేకలు: ఈ నాలుగూ వాటికి పడవు. తుట్టె కనిపిస్తే మాట ఆపి, వచ్చిన దారినే పక్కకు తప్పుకోండి. లేస్తే మాత్రం చేతులు ఊపుతూ నిలబడకుండా, ముఖానికి దుపట్టానో టవలో చుట్టుకుని వీలైనంత దూరం పోవాలి. ముల్లును గోరుతో వెంటనే గీకి తీసేయండి. ఒంటి మీద చాలా చోట్ల కుట్టినా, పెదవులు, గొంతు వాచినా, ఊపిరి ఇబ్బందైనా నేరుగా ఆసుపత్రికే.

పాములు చలికాలం పొద్దున ఎండ కోసం బండ మీదికి వస్తాయి. రాళ్ళ సందులో చెయ్యి పెట్టి ఎక్కొద్దు, కనిపించని చోట కాలు పెట్టొద్దు. కాటు పడితే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏవీ వద్దు. ఉంగరాలు, కడియాలు తీసి, ఆ చెయ్యి లేదా కాలు కదలకుండా కర్రలు పెట్టి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకు దిగాలి. 108కి ఫోన్ చేసి పాము కాటు అని చెప్పి, విరుగుడు ఇంజెక్షన్ ఇబ్రహీంపట్నం, చౌటుప్పల్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కడ ఉందో అడిగి అటే పోండి. పసరు మందు కోసం ఊళ్ళో ఆగిన ప్రతి నిమిషమూ నష్టమే.

డిసెంబర్‌లో ప్రత్యేకంగా దూలగొండి. చిక్కుడులా ఉండే కాయ, దాని మీద గోధుమ రంగు వెంట్రుకలు. పిల్లలు ముచ్చటపడి ముట్టుకుంటారు. ముట్టుకుంటే రుద్దకూడదు, రుద్దితే వెంట్రుక చర్మంలోకి ఇంకా దిగుతుంది. ప్లాస్టర్ టేపు అంటించి లాగండి, తర్వాత నీళ్ళతో కడగండి. మీ మందుల సంచిలో రెండంగుళాల టేపు చుట్ట ఉంటే బూటు అడుగు ఊడినా అదే పనికొస్తుంది.

నీళ్ళు పెద్దవాళ్ళకు మూడేసి లీటర్లు, పిల్లలకు రెండేసి. అందులో మనిషికి ఒక లీటరు కారులో తిరిగొచ్చాక తాగడానికి. అంటే మీ ఎనిమిది మందికి 22 లీటర్లు, కాబట్టి 20 లీటర్ల క్యాన్ ఒకటీ, సీసాలూ తీసుకోండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసెడు నీళ్ళలో మొత్తం పోసి తాగిస్తే ఉప్పు ఎక్కువై వాంతి అవుతుంది, దాహం ఇంకా పెరుగుతుంది. దొన నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగొద్దు. తినడానికి పులిహోర, సద్ది రొట్టె, పల్లి పట్టీలు చాలు. పెరుగన్నం ఎక్కేటప్పుడు వద్దు, దిగాక చెట్టు కింద తినండి.

టెంట్ ఎందుకు వద్దన్నానంటే, ఇక్కడ చుట్టూ రిజర్వ్ ఫారెస్టు ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండటం, పొయ్యి పెట్టడం నేరం. ఎండుగడ్డికి నిప్పు అంటుకుంటే ఆపే నీళ్ళు ఆ గుట్ట మీద ఎవరి దగ్గరా ఉండవు. పైగా చీకట్లో ఆ బావుల మధ్య పిల్లలు తిరగడం ఊహించుకోండి.

అత్తమ్మ సంగతి, మధ్యాహ్నం సంగతి

ఆమెతో ఒకరు కింద ఉండండి. ఊరి దగ్గర చదునుగా నడవగలిగినంత మేరకు గోడ, గుళ్ళు చూపించండి, ఆ తర్వాత చెరువు కట్ట మీద నీడ చూసుకుని మడత కుర్చీ వేయండి. పైకి పోయినవాళ్ళ కంటే ఆమెకే ఊరివాళ్ళతో ఎక్కువ మాటలు కలుస్తాయి. ఏ గుట్టకు ఏ పేరో, ఏ గుడికి ఎప్పుడు జాతరో ఆమె తెలుసుకుని చెప్తారు. మోకాళ్ళకు భువనగిరి నయమేమో అని కొందరు సలహా ఇస్తారు. కాదు. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద వెలసిన ఆ ఏకశిల కోటకు మెట్లూ, పట్టుకోవడానికి ఆసరా ఉన్న మాట నిజమే, కానీ మెట్లన్నీ ఒకే బండ మీద నిలువుగా ఉంటాయి. పిల్లలకు మాత్రం రాచకొండ కంటే ముందు అదే మంచి బడి. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ బండ ఎక్కడం నేర్చుకున్నది అక్కడే. మీ పిల్లలు ఇంతకు ముందు ఏ గుట్టా ఎక్కకపోతే ఒక ఆదివారం భువనగిరి, తర్వాతి నెల రాచకొండ పెట్టుకోండి.

తిరుగు దారిలో మంచాల మండలంలోనే జాపాల్-రంగాపూర్ వేధశాల ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళది, 48 అంగుళాల టెలిస్కోపు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. లోపల చూడాలంటే ఖగోళ శాస్త్ర విభాగం నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. గేటు దగ్గరికి పోయి బతిమాలితే పని కాదు. అనుమతి లేకపోతే దాన్ని వదిలేసి నేరుగా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీదికి వచ్చేయండి. ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా కాలపు చెరువది. పొద్దున గుట్ట మీద చూసిన దొనకు ఇది పెద్దన్న: వాలు, అడ్డుకట్ట, తూము (నీళ్ళు వదిలే దారి), మత్తడి (నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటు) అవే, కొలత మాత్రం వేరు. పిల్లలను తూము ఎక్కడుందో, మత్తడి ఎక్కడుందో వెతకమనండి.

అక్కడి నుంచి 4 గంటలకల్లా కదలండి. ఆదివారం సాయంత్రం ఐదు దాటితే సాగర్ నుంచి వచ్చే బండ్లన్నీ ఆ రోడ్డు మీదే ఉంటాయి, బీఎన్ రెడ్డి నగర్ దగ్గర కూర్చుని గంట పోగొట్టుకుంటారు. ఇంటికి చేరాక స్నానానికి ముందు పిల్లల చెవుల వెనక, నడుము దగ్గర, సాక్సుల అంచున ఒకసారి చూడండి. పశువుల బాటలో నడిచారు కాబట్టి పిడుదు (నెత్తురు తాగే చిన్న పురుగు) పట్టి ఉండొచ్చు. ఉంటే నూనె పోయకుండా, సన్నటి పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిదానంగా, తిన్నగా పైకి లాగండి.